పగిలిన నేల ఎలా అతుకుతుంది, అతికాక ఏమవుతుంది

ఉత్తరాంధ్రలో నేల ఎప్పుడు కదిలినా మర్నాడు టీ దుకాణాల దగ్గర వినిపించే మాట ఒకటే: "భూమి సర్దుకుందిలే, ఇంకేం భయం లేదు." 2014 మే 21 రాత్రి బంగాళాఖాతం అడుగున 6.0 తీవ్రతతో భూకంపం వచ్చి మన తీరమంతా అదిరినప్పుడు ఈ మాట విన్నాను; 2015 ఏప్రిల్ 25న నేపాల్ భూకంపపు కదలిక శ్రీకాకుళం, విజయనగరం మేడల దాకా తెలిసినప్పుడూ విన్నాను. ఆ మాటలో ఓదార్పు ఉంది, సగం నిజమూ ఉంది. పగిలిన భూమి నిజంగానే తిరిగి అతుకుతుంది. అయితే అతుక్కున్నాక ప్రమాదం తీరిపోయినట్టేనన్న మిగతా సగాన్ని నేను ఒప్పుకోలేను. విరిగిన చోటు గట్టిపడితేనే అది మళ్లీ ఒత్తిడిని మోయగలదు, మోసినంతకాలం కూడబెట్టగలదు, ఒకనాడు ఒక్కసారిగా వదలగలదు. ఎన్నడూ గట్టిపడని చోట పెద్ద భూకంపం పుట్టడానికి కావలసిన సరుకే పోగుపడదు. ఈ అభిప్రాయానికి ఆధారాలేమిటో, మన రెండు జిల్లాలకు దానితో పనేమిటో ఇక్కడ చెబుతాను.

ముందుగా విరిగేదేమిటో చూద్దాం. బడి పుస్తకాల్లోని బొమ్మల్లో భ్రంశాన్ని, అంటే రెండు శిలాఖండాలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ జారే తలాన్ని, కత్తితో కోసినట్టు ఒక గీతగా చూపిస్తారు. దాని నడిమి భాగం నిజంగానే సన్ననిది. చాలాచోట్ల కొన్ని సెంటీమీటర్ల మందంలో, పిండిలా నలిగిన రాతిపొడితో ఉంటుంది. కానీ దానికి ఇరువైపులా పదుల మీటర్ల నుంచి వందల మీటర్ల వెడల్పున రాయంతా చిన్నా పెద్దా పగుళ్లతో గుల్లబారి ఉంటుంది. ఆ గుల్లబారిన మేరలో భూకంప తరంగాలు నెమ్మదిగా నడుస్తాయి, నీరు సులువుగా పారుతుంది. కాబట్టి లోపలికి వెళ్లి చూడలేకపోయినా, తరంగాల వేగాన్నో నీటి ప్రవాహాన్నో ఏళ్ల తరబడి కొలుస్తూ పోతే పగుళ్లు మూసుకుంటున్నాయో లేదో తెలుసుకోవచ్చు.

ఆ పని మొదట గట్టిగా జరిగింది కాలిఫోర్నియాలోని ల్యాండర్స్ దగ్గర. అక్కడి ఎడారిలో 1992 జూన్ 28న 7.3 తీవ్రతతో భూకంపం వచ్చింది. యాంగ్-గాంగ్ లీ, జాన్ విడాల్ తదితర శాస్త్రవేత్తలు 1994లోనూ, మళ్లీ 1996లోనూ అవే చోట్ల చిన్న పేలుళ్లు జరిపి, భ్రంశం గుండా వెళ్లే తరంగాలు ఎంతసేపటికి చేరుతున్నాయో పోల్చి చూశారు. రెండేళ్లలో వేగం ఒక శాతం దరిదాపుల్లో పెరిగింది. ఒక శాతమే కదా అనిపించవచ్చు. కానీ కొండంత రాయి రెండేళ్లలో కొలతకు అందేంతగా గట్టిపడిందంటే అది సామాన్యమైన సంగతి కాదు. తరువాత జరిగింది మరింత ఆలోచింపజేసేది. 1999 అక్టోబరు 16న పొరుగునే ఉన్న హెక్టర్ మైన్ అనే చోట 7.1 తీవ్రతతో మరో భూకంపం వచ్చింది. ల్యాండర్స్ భ్రంశం ఆ రోజు జారలేదు, కేవలం అదిరింది. ఆ అదురుకే అప్పటిదాకా మూసుకుంటూ వచ్చిన పగుళ్లలో కొన్ని తెరుచుకుని వేగం మళ్లీ తగ్గింది. అంటే ఈ అతుకు మొదటి ఏళ్లలో ఎంత పచ్చిగా ఉంటుందో చూడండి.

అదే రాష్ట్రంలోని పార్క్‌ఫీల్డ్ దగ్గర పేలుళ్ల అవసరం కూడా లేకుండా ఈ కొలత సాధ్యమైంది. సముద్రపు అలలు ఒకదాన్నొకటి ఢీకొంటూ, తీరాన్ని కొడుతూ నేలను రాత్రింబవళ్లు అతి సన్నగా వణికిస్తూనే ఉంటాయి. ఆ వణుకును రెండు చోట్ల నమోదు చేసి పోల్చితే, ఆ రెండు చోట్ల మధ్య తరంగం ఎంత వేగంతో నడిచిందో లెక్కకట్టవచ్చు. 2004 సెప్టెంబరు 28న పార్క్‌ఫీల్డ్‌లో 6.0 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు వేగం 0.08 శాతం పడిపోయిందనీ, ఆ తరువాతి ఏళ్లలో మెల్లమెల్లగా కోలుకుందనీ ఫ్లోరాన్ బ్రాంగియే బృందం 2008లో ప్రకటించింది. భావనపాడు, కళింగపట్నం, బారువ తీరాల్లో ఏడాది పొడవునా అలల చప్పుడు వినే మనకు ఇది పట్టించుకోవలసిన విషయం. దీని దగ్గరికి మళ్లీ వస్తాను.

మూడో ఆధారం చైనా నుంచి. 2008 మే 12న వెన్‌చువాన్‌లో వచ్చిన 7.9 తీవ్రత గల భూకంపం దాదాపు 70,000 మంది ప్రాణాలు తీసింది. ఆ భ్రంశంలోకే బోరు వేసి, బోరులోని నీటిమట్టాన్ని ఏడాదిన్నర పాటు గమనించారు. చంద్రుడూ సూర్యుడూ సముద్రాన్ని లాగినట్టే గట్టినేలనూ లాగుతారు. నేల రోజుకు రెండుసార్లు మనకు తెలియకుండానే కొన్ని అంగుళాల మేర లేచి పడుతుంది. ఆ లాగుడుకు బోరులోని నీరు ఎంత ఆలస్యంగా స్పందిస్తుందో చూస్తే చుట్టూ ఉన్న రాయిలో నీటికి ఎంత దారి ఉందో తెలుస్తుంది. నెలలు గడిచేకొద్దీ ఆ దారి మూసుకుపోతూ వచ్చింది. అయితే దూరదేశాల్లో పెద్ద భూకంపాలు వచ్చినప్పుడు, ఆ తరంగాలు తాకిన ప్రతిసారీ దారి కాస్త తెరుచుకుని, మళ్లీ మూసుకోవడం మొదలైంది. పగులు మానడం ఏటవాలు దారిలా ఒకే తీరున సాగదు. ముందుకు నడుస్తూ, మధ్యలో వెనక్కు జారుతూ, మళ్లీ నడుస్తుంది.

ఇక ఇది జరిగే తీరు. ఇందులో కనీసం రెండు పనులు కలిసి ఉన్నాయి, వాటి కాలమానాలు వేరు. మొదటిది రాపిడికి సంబంధించినది. రెండు వస్తువులను ఒకదానిమీద ఒకటి ఆనించి ఉంచిన కొద్దీ వాటిని కదల్చడానికి ఎక్కువ బలం కావాలని ఫ్రాన్సుకు చెందిన కూలుంబ్ 18వ శతాబ్దంలోనే చెక్కలతో ప్రయోగాలు చేసి గుర్తించాడు. రాళ్లలోనూ అదే జరుగుతుందని అమెరికాకు చెందిన జేమ్స్ డీటరిక్ 1972లో చూపించాడు. ఎంత నునుపుగా కనిపించినా రెండు రాతి ముఖాలు నిజంగా తాకేది అక్కడక్కడా ఉన్న సూక్ష్మమైన మొనల దగ్గరే. భారం కింద ఆ మొనలు మెల్లగా నలిగి, తాకే మేర పెరుగుతూ పోతుంది. విచిత్రమేమిటంటే ఈ పెరుగుదల కాలంతో సూటిగా పెరగదు. కాలం పది రెట్లయిన ప్రతిసారీ సమానంగా పెరుగుతుంది. 1 సెకను నుంచి 10 సెకన్ల మధ్య ఎంత గట్టిపడుతుందో, 10 నుంచి 100 సెకన్ల మధ్య అంతే, ఏడాది నుంచి పదేళ్ల మధ్యా అంతే. ఈ లెక్కన భూకంపం ఆగిన మరుక్షణం నుంచీ భ్రంశం గట్టిపడడం మొదలుపెడుతుంది, ఆ మొదటి ఏడాదిలోనే ఈ రకం బలంలో ఎక్కువ భాగాన్ని తిరిగి పొందుతుంది. జనం ఇంకా ఆరుబయట పడుకుంటున్న రోజుల్లోనే లోపల ఈ పని చాలావరకు జరిగిపోతుందన్నమాట.

రెండోది రసాయనిక పని, దీనికి నీరు కావాలి. దీన్ని అర్థం చేసుకోవడానికి మనకు నౌపడ కంటే మంచి చోటు లేదు. ఉప్పు మడుల పక్కన రాశి పోసిన ఉప్పు వానాకాలం దాటేసరికి గునపం దిగనంత గట్టిగా బిగుసుకుపోవడం అక్కడివారందరూ చూసినదే. గింజలు ఒకదానికొకటి ఒత్తుకునే చోట ఉప్పు తేమలో కరుగుతుంది, ఒత్తిడి లేని ఖాళీల్లో తిరిగి గడ్డకడుతుంది; అలా ఖాళీలు పూడుతూ రాశి ఒక్క ముద్ద అవుతుంది. నేల లోతుల్లో క్వార్ట్జ్‌కూ, అంటే పలుగురాయికీ, జరిగేది ఇదే. ఈ సామ్యం నేను కల్పించినది కాదు. క్వార్ట్జ్ కరగాలంటే వందల డిగ్రీల వేడీ, చాలా కాలమూ కావాలి గనుక, నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయపు శాస్త్రవేత్తలు దానికి బదులు ఉప్పుపొడిని నలిపి, తడిపి, నొక్కి భ్రంశాల ప్రవర్తనను అధ్యయనం చేశారు. ఉప్పు గంటల్లో చేసే పనిని క్వార్ట్జ్ తన లోతునూ వేడినీ బట్టి చాలా నెమ్మదిగా చేస్తుంది. కిలోమీటరు లోతుకు సుమారు 25 నుంచి 30 డిగ్రీల చొప్పున వేడి పెరుగుతుంది కాబట్టి పది కిలోమీటర్ల కింద ఈ పని చురుగ్గా సాగుతుంది, పైపొరల్లో మందకొడిగా సాగుతుంది. సున్నపు ఖనిజమైన కాల్సైట్ అయితే తక్కువ వేడిలోనే పగుళ్లను పూడుస్తుంది.

ఈ రెండో పని ఆనవాళ్లు మన కళ్లముందే ఉన్నాయి. టెక్కలి, పలాస చుట్టుపక్కల నీలి గ్రానైట్ క్వారీల్లో తీసిన దిమ్మల మీద తెల్లని పలుగురాతి చారలు కనిపిస్తుంటాయి. అవన్నీ ఒకప్పుడు తెరుచుకుని, వేడినీటిలో కరిగి వచ్చిన క్వార్ట్జ్‌తో పూడిన పగుళ్లు. అవి భూకంపాలకే పుట్టాయని ప్రతి చారనూ చూపించి చెప్పలేం. కానీ పూడిన విధానం ఒకటే. క్వారీలో మేస్త్రీగా పనిచేసిన మా మావయ్య దిమ్మ మీద బకెట్టుడు నీళ్లు కొట్టించి, ఆరేదాకా నిలబడి చూసేవాడు. రాయంతా ఆరినా ఒక గీత మాత్రం తడిగా మిగిలితే అక్కడ పగులు బతికే ఉందని అర్థం. "ఇది నీరు తాగతంది, పక్కకెట్టీండి" అనేవాడు. తెల్ల చార మీద తడి నిలవకపోతే ఆ దిమ్మ విరుగుతుందన్న భయం ఉండేది కాదు, రంగు చెడిందని ధర మాత్రం తగ్గేది. "అతికిన కాడ ఇరగదు అల్లుడూ, ఇరిగితే దాని అంచునే ఇరగతాది" అని ఆయన చెప్పిన మాటకు, ఒకే చారలో పగులు మళ్లీ మళ్లీ తెరుచుకుని పూడిన పొరలను సూక్ష్మదర్శినిలో చూసి భూవిజ్ఞానులు చెప్పే మాటకు పెద్ద తేడా లేదు. పూడిక గట్టిది, దానికీ పాత రాయికీ మధ్య అంచు బలహీనమైనది, అందుకే కొత్త పగులు తరచుగా ఆ అంచునే పడుతుంది.

ఇప్పుడు నా వాదనలోని కీలకమైన చోటికి వస్తున్నాను. అతుకు బలాన్నిస్తుంది, బలం ఒత్తిడిని నిలుపుతుంది అంటే, అతకని భ్రంశం ఎలా ప్రవర్తించాలి? జవాబు కాలిఫోర్నియాలోని శాన్ ఆండ్రియాస్ భ్రంశంలోనే ఉంది. దానిలో శాన్ వాన్ బటిస్టా నుంచి పార్క్‌ఫీల్డ్ దాకా ఉన్న సుమారు 150 కిలోమీటర్ల భాగం ఏళ్ల తరబడి ఆగకుండా, మధ్య భాగంలో ఏడాదికి 2 నుంచి 3 సెంటీమీటర్ల చొప్పున, మెల్లగా పాకుతూ ఉంటుంది. అక్కడ చిన్న ప్రకంపనలు లెక్కలేనన్ని వస్తాయి, మహా భూకంపాలు వచ్చిన దాఖలా చరిత్రలో లేదు. 2007లో అక్కడ దాదాపు మూడు కిలోమీటర్ల లోతు నుంచి భ్రంశపు రాతి నమూనాలను తీసి ప్రయోగశాలలో పరీక్షిస్తే, సబ్బులా జారే ఒక రకం బంకమట్టి ఖనిజం నిండి ఉన్నట్టు తేలింది. కార్పెంటర్, మరోన్, సాఫర్ 2011లో ప్రకటించిన ఫలితం ప్రకారం ఆ పదార్థాన్ని ఎంతసేపు నిశ్చలంగా ఉంచినా దాదాపు గట్టిపడనే లేదు. గట్టిపడని చోట నేల పాకుతోంది. దానికి ఉత్తరానా దక్షిణానా గట్టిపడే చోట్ల 1906లో శాన్‌ఫ్రాన్సిస్కోను, 1857లో ఫోర్ట్ టెహోన్‌ను కుదిపిన భూకంపాలు పుట్టాయి. ఒకే భ్రంశం, ఒకే ఫలకాల (భూమి పైపెంకులోని పెద్ద పలకల) కదలిక; తేడాకు కారణాల్లో అతుక్కునే గుణం ముఖ్యమైనదని ఈ ఫలితం చెబుతోందని నా అభిప్రాయం.

దీన్ని మరో దిక్కు నుంచి బలపరిచే పరిశీలన కాలిఫోర్నియాలోనే ఉన్న కాలవెరాస్ భ్రంశం మీద జరిగింది. అక్కడ ఒకే చిన్న మేర మళ్లీ మళ్లీ జారి, అచ్చుగుద్దినట్టు ఒకేలాంటి చిన్న భూకంపాలను పుట్టిస్తుంది. వాటి మధ్య విరామం ఎక్కువైనప్పుడు తరువాతి భూకంపం కాస్త పెద్దదిగా వచ్చిందని 1994లో వెల్లడైంది. ఎక్కువ కాలం అతుక్కుని ఉన్నది విడిపోవడానికి ఎక్కువ బలం కోరుతుంది, విడిపోయినప్పుడు ఎక్కువ శక్తిని వదులుతుంది.

"చిన్న చిన్న ప్రకంపనలు వస్తుంటే మంచిదే, ఒత్తిడి దిగిపోతుంది" అని చదువుకున్నవారు కూడా అంటుంటారు. తీవ్రత ఒక అంకె పెరిగితే వెలువడే శక్తి సుమారు 32 రెట్లు పెరుగుతుంది. 6 తీవ్రత గల ఒక్క భూకంపపు శక్తిని దించాలంటే 4 తీవ్రత గలవి దాదాపు వెయ్యి రావాలి. అన్ని చిన్నవి ఎక్కడా రావు. పైగా ఆ చిన్నవి జారిన మేరలన్నీ మర్నాటి నుంచే తిరిగి బిగుసుకుంటాయి.

మన నేల సంగతికి వద్దాం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కింద ఉన్నది తూర్పు కనుమల పురాతన శిల: ఖోండలైటు, చార్నొకైటు, వాటితో కలగలిసిన గ్రానైటు రాళ్లు. ఇవి దాదాపు 100 కోట్ల ఏళ్ల నాడు నేల లోతుల్లో ఉడికి, ఒత్తిడికి మడతలు పడినవి. నాగావళి, వంశధార నదుల పేర్లతోనే భూవిజ్ఞానులు పిలిచే పాత కోత మండలాలు ఈ శిల గుండా వెళుతున్నాయి; ఆ మేరల్లో రాయి ఒకప్పుడు సాగి, నలిగి, తిరిగి ముద్దకట్టింది. ఇంత పాత పగుళ్లు ఇంత కాలం అతుక్కుని ఉన్నాయి కాబట్టే మన ప్రాంతం నిశ్చలంగా ఉంటుంది. 2002 నాటి దేశ భూకంప పటంలో మనం అన్నిటికంటే తక్కువ ప్రమాదమున్న రెండో మండలంలో ఉన్నాం. ఇది సరైన అంచనాయే. భారత ఫలకం ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్ల చొప్పున ఉత్తరానికి జరుగుతున్నా ఆ ఒత్తిడి ప్రధానంగా ఖర్చయ్యేది హిమాలయాల దగ్గరా వాటి ఆవలా. మన రాయి మీద పడే వంతు బహు స్వల్పం. కాబట్టి రేపో మాపో ఇక్కడ మహా విపత్తు వస్తుందని ఎవరైనా భయపెడితే నేను వారి పక్షాన నిలబడను.

అయినా స్వల్పం అంటే శూన్యం కాదు. గట్టిగా అతుక్కున్న రాయి స్వల్పమైన ఒత్తిడిని కూడా వేల ఏళ్లు దాచిపెట్టగలదు. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని లాతూరు జిల్లా కిల్లారి దగ్గర అదే జరిగింది. ఆ ప్రాంతం అప్పటి పటంలో అన్నిటికంటే సురక్షితమైన మొదటి మండలంలో ఉండేది. 6.2 తీవ్రతతో వచ్చిన ఆ భూకంపంలో దాదాపు 10,000 మంది చనిపోయారు, మట్టితో పేర్చిన బరువైన రాతిగోడల కింద నిద్రలోనే చాలామంది పోయారు. తరువాత 2002లో పటాన్ని సవరించినప్పుడు మొదటి మండలాన్నే తీసేశారు. మనకు దగ్గరలోనూ దాఖలాలు ఉన్నాయి: 1917 ఏప్రిల్ 17న విజయనగరం ప్రాంతంలో 5.5 తీవ్రతతో ఒకటి జాబితాలకెక్కింది. 1967 మార్చిలో ఒంగోలు, 1969 ఏప్రిల్‌లో భద్రాచలం అదిరాయి. 2024 డిసెంబరు 4న ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో వచ్చినది రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ తెలిసింది. వీటిని చూసి బెంబేలెత్తనక్కరలేదు. "మన దగ్గర రాదు" అనే మాటను మాత్రం ఇవి నిలవనివ్వవు.

నీటి విషయం విడిగా చెప్పాలి. పగుళ్లు పూడడానికి నీరు ఎంత అవసరమో, పూడిన పగులు మీద నీటి పీడనం పెరిగితే అది జారడానికి అంత సులువవుతుంది. మహారాష్ట్రలోని కొయ్నా జలాశయాన్ని 1962లో నింపడం మొదలుపెట్టాక ప్రకంపనలు మొదలై, 1967 డిసెంబరు 11న 6.3 తీవ్రతతో భూకంపం వచ్చింది. అక్కడ ఇప్పటికీ ప్రకంపనలు ఆగలేదు, అందుకే పరిశోధన కోసం మూడు కిలోమీటర్ల లోతు బోరు వేశారు. కొయ్నా దాదాపు 100 టీఎంసీల జలాశయం, మన హిరమండలం 19 టీఎంసీలది, నీటి లోతూ తక్కువే. రెండిటినీ ఒకే గాటన కట్టడం అన్యాయం. కానీ పాత కోత మండలాల పరిసరాల్లో నీరు నిలుపుతున్నప్పుడు, రణస్థలం మండలం కొవ్వాడ దగ్గర అణువిద్యుత్ కేంద్రం ప్రతిపాదన ఉన్నప్పుడు, "ఇక్కడ భ్రంశాలు చచ్చిపోయినవి" అని ఒక వాక్యం రాసి ఊరుకుంటే సరిపోదు. ఎంతకాలంగా అతుక్కుని ఉన్నాయి, ఎంత ఒత్తిడి మోస్తున్నాయి, నీరు చేరాక ఏమైనా మారిందా అన్నది కొలిచి, ఆ కొలతలను జనానికి చూపించాలి.

ఆ కొలత మనకు అందని పని కాదు. పార్క్‌ఫీల్డ్ పద్ధతికి కావలసినది సముద్రపు అలల వణుకు, అది మనకు దండిగా ఉంది. నాగావళికీ వంశధారకూ మధ్య, తోటపల్లి, హిరమండలం జలాశయాల చుట్టూ సున్నితమైన భూకంప మాపకాలను దగ్గర దగ్గరగా నాటి, కొన్నేళ్ల పాటు ఆగకుండా నమోదు చేయిస్తే, జలాశయం నిండిన నెలల్లోనూ ఎండిన నెలల్లోనూ రాతిలో తరంగ వేగం ఎలా మారుతోందో తేలుతుంది. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థకు ఈ విద్య కొత్త కాదు. ఆ వివరాలను అందరికీ అందుబాటులో ఉంచితే మన విశ్వవిద్యాలయాల, డిగ్రీ కళాశాలల విద్యార్థులే లెక్కలు కట్టగలరు. నేను దీన్ని ఒక కోరికగా కాదు, డిమాండుగానే రాస్తున్నాను. జలాశయానికీ విద్యుత్ కేంద్రానికీ అయ్యే ఖర్చుతో పోలిస్తే ఈ యంత్రాల ఖర్చు లెక్కలోకి రాదు.

ఇళ్ల సంగతి అంతకంటే తొందరైనది. మన పల్లెల్లో రాయీ మట్టీ కలిపి కట్టిన పాత గోడలు ఇంకా ఉన్నాయి. పట్టణాల్లో కింద పార్కింగు కోసం గోడల్లేకుండా సన్నని స్తంభాల మీద నిలబెట్టిన నాలుగంతస్తుల మేడలు పెరిగాయి. కొత్తగా ఇటుకతో కట్టేవారు ద్వారబంధాల పైన ఇంటి చుట్టూ తెగకుండా లింటెల్ బ్యాండు (కమ్మీలు వేసిన కాంక్రీటు పట్టీ) పోయించుకోవాలి, మూలల్లో కమ్మీలను సరిగా మెలివేయించాలి. మేస్త్రీ "మన కాడ భూకంపాలెక్కడివండీ" అని కమ్మీ తగ్గించబోతే, ఇల్లు కట్టించుకునేవారు అక్కడే నిలబడి ఒప్పుకోకుండా ఉండాలి.